మంచుకొండకు వెళ్ళే బిడ్డకు ఏ బట్టలు సర్దాలి?

గోదావరి ప్రాంతపు పల్లెనుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరము ఈ నెల నా ముందున్నది. ఆమె కుమార్తె హైదరాబాదులో ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. తనతోపాటు పనిచేసే అమ్మాయిలు ఐదుగురు కలిసి జనవరి చివరిలో కాశ్మీరులోని గుల్మార్గుకు వెళ్ళి, కాళ్ళకు పొడవాటి పలకలు బిగించుకొని మంచు మీద జారే స్కీయింగు ఆటను నాలుగు రోజులు నేర్చుకుంటారట. కొనవలసిన బట్టల జాబితా అమ్మాయి ఇంటికి పంపింది. దానిని చూసి తండ్రికి కోపము, తల్లికి భయము. అందులోని కోటు ఒక్కదాని ధరే అమ్మాయి నెల జీతంలో సగం. తోటివారందరూ కొత్తవి కొంటుంటే తానొక్కతే పాత స్వెటరుతో ఫొటోలలో నిలబడాలా అని అమ్మాయి బాధ. ఇంటి స్లాబుకని దాచిన డబ్బులోనుండి తీసి పంపాలా? ప్యాంట్లంటేనే ఒప్పుకోని తండ్రికి ఏమని చెప్పాలి? తాను స్వయంగా అల్లిన స్వెటరు చాలదా? ఇవీ ఆ తల్లి అడిగిన ప్రశ్నలు.

మొదట డబ్బు సంగతి. అమ్మా, స్లాబు డబ్బు ముట్టుకోవద్దు. మీ అమ్మాయిని చలినుండి కాపాడేది ఆ ఖరీదైన పై కోటు కాదు. ఒంటికి ఆనుకొని ఉండే లోబట్టలు, మేజోళ్ళు, చేతితొడుగులు. ఇవి మాత్రం సొంతంగా కొనుక్కోవాలి, మంచివి కొనుక్కోవాలి. పై కోటు, పై ప్యాంటు, బూట్లు, స్కీలు, చేతికర్రలు అక్కడే అద్దెకు దొరుకుతాయి. నాలుగు రోజుల ఆటకు, మళ్ళీ ఎప్పుడు వేసుకుంటామో తెలియని కోటు కొనటం నాకు సబబుగా తోచదు. మన ఊళ్ళో ఆ కోటు వేసుకుంటే ఉడికిపోతాము. (మన ఇళ్ళలో జాకెట్టు అంటే చీర మీదికి తొడుక్కునేది. అక్కడ జాకెట్ అంటే చలికోటు. గందరగోళం లేకుండా ఇక్కడ కోటు అనే అంటాను.)

ఆ చలి ఎలాంటిదో తెలిస్తేగాని ఏమి కొనాలో తెలియదు. మన లంబసింగిలో కొన్ని తెల్లవారుజాములు సున్న డిగ్రీల దగ్గరికి వెళితేనే పత్రికలలో వేస్తారు. గుల్మార్గు సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. జనవరిలో రాత్రివేళ సున్నకు దిగువన 8, 10 డిగ్రీలకు పోవటం అక్కడ వింత కాదు. అక్కడినుండి తీగల మీద నడిచే పెట్టెబండిలో, గొండోలా అంటారు, 3,900 మీటర్ల పైకి కూడా వెళ్ళవచ్చును. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. అంటే కింద సున్న ఉన్న రోజున పైన మైనస్ 8. దానికి గాలి తోడైతే ఇంకా కష్టం. మైనస్ 5 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ముఖానికి మైనస్ 13 ఉన్నట్టు తగులుతుంది. స్కీ మీద జారేవారు తమ వేగంతో తామే గాలిని పుట్టించుకుంటారు. అయితే నేర్చుకునేవారిని మొదటి రోజులలో కింది మైదానపు వాలులోనే ఉంచుతారు గనుక తల్లులు మరీ బెంగపడనక్కరలేదు.

ఇక అసలు సంగతి. మంచుకొండ మీద మన మొదటి శత్రువు నూలుబట్ట. వినటానికి వింతగా ఉంటుంది, పుట్టినదగ్గరనుండి మనము నూలులోనే పెరిగాము. మన ఎండలకు నూలు మేలు చేసేది ఎందుకంటే, అది చెమటను పీల్చుకొని పట్టి ఉంచుతుంది, తడి బట్ట ఒంటిని చల్లబరుస్తుంది. మంచులో ఆ చల్లబరచటమే ప్రాణం మీదికి తెస్తుంది. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు త్వరగా వేడిని లాగేస్తుంది. మొదటిసారి నేర్చుకునేవారు పది అడుగులు జారతారు, పడతారు, ఆయాసపడుతూ లేస్తారు. అరగంటలో లోపల చెమట, బయట మంచు. తర్వాత వరుసలో తమ వంతు కోసం నిలబడినప్పుడు తడిసిన నూలు బనీను వీపుకు అంటుకొని వణుకు పుట్టిస్తుంది. జీన్సు ప్యాంటు సంగతి చెప్పనే అక్కరలేదు. మందమైన నూలు గనుక తడిసి బరువెక్కి, ఆ చలికి అట్టలాగా బిగుసుకుంటుంది. కాబట్టి జీన్సు, నూలు బనీను, నూలు మేజోళ్ళు, నూలు చున్నీ, ఈ నాలుగూ ఆటకు పోయేటప్పుడు గదిలోనే ఉండాలి.

దీనికి విరుగుడు మన గొర్రెల కాపరులకు ఎప్పటినుండో తెలుసు. వానాకాలంలో గొంగడి కప్పుకొని మందవెంట తిరిగే కురుమ, గొల్ల పెద్దలను చూడండి. గొంగడి పైన తడిసినా లోపల వెచ్చగానే ఉంటుంది. ఉన్ని పోగు మెలికలు మెలికలుగా ఉండి మధ్యలో గాలిని పట్టి ఉంచుతుంది. కొంత తడిని తనలో ఇముడ్చుకొని కూడా ఒంటికి చలి తగలనివ్వదు. పాలియెస్టరుతో నేసిన థర్మల్ బట్ట ఇంకొక విధంగా పనిచేస్తుంది. అది తడిని పీల్చుకోదు, చెమటను పైపొరకు తోసేస్తుంది, త్వరగా ఆరుతుంది. ఈ రెండింటిలో ఏదైనా ఫరవాలేదు. సన్న ఉన్నివి ఖరీదు ఎక్కువ, వాసన పట్టవు. పాలియెస్టరువి చవక, రెండు రోజులు వేస్తే కంపు కొడతాయి. మీ అమ్మాయికి పాలియెస్టరువి రెండు జతలు చాలును. ఒకటి ఒంటిమీద, ఒకటి ఆరుతూ. థర్మల్ అని పేరుపెట్టి నూలు కలిపినవి కూడా మన బజారులో చాలా అమ్ముతారు గనుక మెడ దగ్గరి చీటీ చదివి కొనమనండి. ఒంటికి అతుక్కొని ఉండాలి, అయితే చేయి మడిచినప్పుడు బిగుసుకోకూడదు.

మీరు అల్లిన స్వెటరు చాలదా అన్నారు. ఒక్కటే అయితే చాలదు, కాని దానికి చక్కని చోటున్నది. చలిబట్ట అంటే ఒకే లావుపాటి వస్త్రం కాదు, మూడు పొరలు. లోపలిది చెమటను దూరం చేసేది. మధ్యది వెచ్చదనాన్ని పట్టి ఉంచేది. పైది గాలిని, మంచుతడిని ఆపేది. మీ స్వెటరు మధ్యపొర. అది అసలు ఉన్నిదో కాదో తెలుసుకోవాలంటే మిగిలిన దారంలో చిన్న ముక్క తీసి అగ్గిపుల్లతో కాల్చండి. తలవెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిదగా రాలితే ఉన్ని. కరిగి గట్టి పూసలాగా ముడుచుకుంటే ఆక్రిలిక్. ఆక్రిలిక్ అయినా పారవేయనక్కరలేదు, మధ్యపొరగా పనికివస్తుంది. చలికాలంలో మన పట్టణాలకు వచ్చే టిబెట్ వారి అంగళ్ళలో ఫ్లీసు అనే మెత్తటి నూగుబట్ట చొక్కాలు కూడా దొరుకుతాయి. అవి తేలికైనవి, ఉతికితే వెంటనే ఆరతాయి. ఆటవేళ ఫ్లీసు, సాయంత్రం గదిలో అమ్మ అల్లిన స్వెటరు అనుకుంటే రెండూ ఉపయోగపడతాయి.

ఈకలు కూరిన మెత్తటి ఉబ్బు కోట్లు ఇప్పుడు అందరూ వేస్తున్నారు. చూడముచ్చటగా ఉంటాయి, పొడి చలికి వాటిని మించినవి లేవు. అయితే ఈకలు తడిస్తే ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. గంటకు ఇరవైసార్లు మంచులో పడేవారికి అవి తగవు. సాయంత్రం బజారులో తిరగటానికి మంచివి. అమ్మాయి జాబితాలోని ఖరీదైన కోటు బహుశా ఇదే అయి ఉంటుంది.

అద్దెకు తీసుకునే పై కోటు, ప్యాంటు ఎలా ఎంచుకోవాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. గుల్మార్గుకు దిగువన టంగ్‌మార్గ్ అనే ఊరిలోనే అద్దె అంగళ్ళు మొదలవుతాయి. బండి దిగగానే చుట్టుముట్టి, త్వరపడండి, పైన దొరకవు అంటారు. తొందరపడవద్దు. ముందుగా కోటు లోపలికి చేయిపెట్టి చూడాలి. చెమ్మగా ఉంటే నిన్నటివారు తడిపినది అన్నమాట, వద్దని చెప్పాలి. జిప్పు మూడుసార్లు పైకి కిందికి లాగి చూడాలి, చలిలో జిప్పు ఇరుక్కుంటే వేళ్ళు మొద్దుబారి తీయలేము. భుజంమీద నాలుగు చుక్కల నీళ్ళు పోస్తే పూసల్లాగా జారిపోవాలి, ఇంకితే ఆ బట్ట పని అయిపోయినట్టే. మణికట్టు దగ్గర, నడుము దగ్గర బిగించుకునే ఏర్పాటు ఉండాలి. లోపలి రెండు పొరలతో సహా తొడిగి చూసి, చేతులు పైకెత్తి, గొంతుకూర్చొని లేవాలి. వీపు బయటపడితే ఒక సైజు పెద్దది అడగాలి. కోటు, ప్యాంటు కలిపి ఒకే ముక్కగా కుట్టిన సూట్లు కూడా ఇస్తారు. ఆడపిల్లలు అవి తీసుకోకపోవటమే మేలు, మరుగుదొడ్డికి వెళ్ళవలసి వచ్చినప్పుడు ఆ చలిలో మెడదగ్గరినుండి విప్పుకోవాలి. భుజాలమీదికి పట్టీలున్న ప్యాంటు అన్నిటికంటే నయం. పడినప్పుడు నడుములోనుండి మంచు లోపలికి పోదు. శిక్షణా సంస్థ ద్వారా వెళ్ళేవారైతే రుసుములో ఏయే సామాను ఇస్తారో ముందుగానే అడిగి, వ్రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. అద్దె సామాను తీసుకునేటప్పుడు అప్పటికే ఉన్న చిరుగులను అంగడివానికి చూపించి ఫొటో తీసుకుంటే తిరిగి ఇచ్చేటప్పుడు తగవు ఉండదు.

ఇక తండ్రిగారి అభ్యంతరం. అన్నగారూ, మీరు అనుకుంటున్న ప్యాంటు వేరు, ఇది వేరు. లోపల థర్మల్ వేసుకొని దానిపైన తొడిగే వదులైన ప్యాంటు ఇది. ఇవన్నీ వేసుకొని, టోపీ, కళ్ళద్దాలు పెట్టుకున్న తర్వాత ఎదుట ఉన్నది అమ్మాయో అబ్బాయో దగ్గరికి వెళ్ళి పలకరిస్తేగాని తెలియదు. మన చీరలో కూడా ఒళ్ళు ఇంతగా కప్పబడదు. యూరప్ దేశాలలో మొదట ఆడవారు పొడవాటి ఉన్ని పావడాలతోనే ఈ ఆట ఆడారు. అంచులకు మంచు గడ్డకట్టి, బరువెక్కి, కాళ్ళకు అడ్డం పడుతుంటే క్రమంగా ప్యాంట్లకు మారారు. 1936లో జర్మనీలో జరిగిన శీతాకాల ఒలింపిక్సు నాటికి ఆడవారికి కూడా కొండవాలు స్కీ పోటీలు పెట్టారు. మన దేశంలో మనాలి ప్రాంతపు అమ్మాయి ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో స్కీయింగులో కాంస్య పతకం తెచ్చింది. కొండలలో పుట్టినవారి సంగతి వేరంటారా? నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్టు శిఖరం ఎక్కింది. ఆమె వేసుకున్నదీ ఇలాంటి కోటూ ప్యాంటే. చీరలో, లంగాఓణీలో అక్కడికి పోవటం సాధ్యమయ్యే పని కాదు. ఈ విషయంలో నా మాట అమ్మాయి పక్షమే.

కాళ్ళ సంగతి. చలికి ఒకదానిమీద ఒకటి రెండు జతల మేజోళ్ళు వేసుకోవటం మనవారి అలవాటు. స్కీ బూటు గట్టిది, ఏమాత్రమూ సాగదు. రెండు జతలు వేస్తే కాలు నొక్కుకొని రక్తం ఆడదు, వెచ్చబడవలసిన కాలు ఇంకా చల్లబడుతుంది. మోకాలి దాకా వచ్చే ఉన్ని మేజోడు ఒక్కటే వేసుకోవాలి, ముడత లేకుండా లాగాలి. థర్మల్ కింది అంచు బూటులోపలికి పోకూడదు, మేజోడుకు పైననే ఆగాలి. లేకపోతే ఆ అంచు నొక్కి మధ్యాహ్నానికి పుండు పడుతుంది. మేజోళ్ళు కనీసం మూడు జతలు ఉండాలి. మీ బంధువులలో సైన్యంలో పనిచేసి వచ్చినవారు ఉంటే అడిగి చూడండి, మేజోళ్ళ గురించి వారు చెప్పినంతగా ఎవరూ చెప్పలేరు. మన సైన్యము 1948లోనే గుల్మార్గులో స్కీ పాఠశాల పెట్టింది.

చేతులకు అల్లిన తొడుగులు పనికిరావు, మంచు అంటుకొని తడుస్తాయి. పైన తడి దిగనిది, లోపల నూగు ఉన్నది కొనాలి. నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే తొడుగు విడివేళ్ళ తొడుగుకంటే వెచ్చన, వేళ్ళు ఒకదానికొకటి కాచుకుంటాయి. అద్దె తొడుగులు మాత్రం వద్దు, ఎంతమంది చెమటో.

తలకు మన మంకీ క్యాపు సరిపోతుందా అంటే, నడకకు సరిపోతుంది, ఆటకు కాదు. ఆటలో హెల్మెట్ పెట్టుకోవాలి, దానికింద పలుచని టోపీ మాత్రమే పట్టాలి. మెడకు మఫ్లరు, చున్నీ చుట్టుకోవద్దు. వాలు పైకి లాక్కొనిపోయే తాడుకు, కదిలే కుర్చీకి వేలాడే కొస చుట్టుకుంటే మెడకు ఉరి అవుతుంది. రంకులరాట్నంలో, మోటారుసైకిలు చక్రంలో చున్నీ పడిన సంగతులు మనకు తెలిసినవే. కొసలు లేకుండా గొట్టంలాగా కుట్టిన మెడపట్టీ దొరుకుతుంది, అది వేయాలి. జడ కూడా కోటు లోపలే ఉండాలి. చెవులకు జుంకీలు, చేతికి గాజులు తీసివేయాలి. మెడలోని గొలుసు లోపొర కిందికి పోవాలి. అన్నట్టు, అమ్మాయికి కొబ్బరినూనె సీసా సర్దకండి, మన దగ్గర 24 డిగ్రీలకే పేరుకునే నూనె అక్కడ రాయి అవుతుంది. పెదవులకు, బుగ్గలకు రాసుకునే మైనపు లేపనం ఒకటి చాలు.

కళ్ళద్దాలు అలంకారానికి అని కొందరు అనుకుంటారు. కాదు. కొత్తగా కురిసిన మంచు ఎండలోని అతినీల కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగేకొద్దీ ఆ కిరణాలు ఇంకొక 10 శాతం చొప్పున పెరుగుతాయి. అద్దాలు లేకుండా ఒక పూట గడిపితే సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టు మండి, నీరు కారి, తెరవలేని స్థితి వస్తుంది. ముఖము కూడా మాడుతుంది. మబ్బు ఉన్నరోజు కూడా ఇది తప్పదు. సన్‌స్క్రీన్ క్రీము ముక్కు కిందా, గడ్డం కిందా కూడా రాయాలి, వెలుగు కిందినుండి పైకి కొడుతుంది గనుక.

అందము మాట మరిచిపోలేదు. ఫొటోలలో బాగుండాలని అమ్మాయి కోరుకోవటంలో తప్పేమీ లేదు, మనము కూడా పండుగకు కొత్తబట్టలకు ఆశపడ్డవారమే. అద్దె కోటుకు రంగు ఎంచుకునే అవకాశం ఉంటుంది. తెలుపు, లేతబూడిద వద్దు. పొగమంచు కమ్మితే మంచులో కలిసిపోయి వెనుక వచ్చేవారికి కనబడరు. ముదురు ఎరుపు, నారింజ, నెమలికంఠం రంగు, ఆవపువ్వు పసుపు దూరానికి కనబడతాయి, మన మేనిఛాయకు కూడా నిండుగా ఉంటాయి. ప్యాంటు మాత్రం నలుపో ముదురు నీలమో తీసుకుంటే మురికి కనబడదు, ఏ కోటుకైనా జోడు కుదురుతుంది. టోపీ, మెడపట్టీ, చేతితొడుగులు సొంతవి గనుక ఆ మూడూ ఒకే రంగుపోలికలో కొంటే, పైది అద్దెదని ఎవరికీ తెలియదు. మీకు అల్లిక వచ్చును గదా అమ్మా, ఒక మంచి రంగు ఉన్నితో టోపీ అల్లి పంపండి. సాయంత్రపు ఫొటోలలో అదే అందరి కళ్ళలో పడుతుంది. కాశ్మీరు వారు వేసుకునే ఫెరన్ అనే పొడవాటి వదులు అంగీ కూడా అక్కడ ఫొటోకు వేసి చూడవచ్చు, ఆటకు పనికిరాదు.

ప్రయాణంలో బరువైన స్వెటరు, ఫ్లీసు చేతిమీద వేసుకొనిపోతే పెట్టెలో చోటు మిగులుతుంది. రోజూ ఆటనుండి రాగానే, టీకంటే ముందు, లోపొర మార్చుకోవాలి. ఆడుతున్నప్పుడు చెమట పడుతోందనిపిస్తే జిప్పు కొంచెం తీయాలి, ఆగినప్పుడు మూయాలి. ముక్కుకొన, చెవితమ్మె, వేలికొన తెల్లబడి స్పర్శ తెలియకపోతే వెంటనే లోపలికి వెళ్ళాలి. మంచుతో రుద్దవద్దు, నిప్పుకు దగ్గరగా పెట్టవద్దు. వేళ్ళయితే చంకలో పెట్టుకొని కాచుకోవాలి. కాసేపటికి రంగు రాకపోతే వైద్యుని దగ్గరికి పోవాలి. వణుకుతూ మాట తడబడే స్నేహితురాలు ఉంటే, ఏమీ లేదు అని ఆమె అన్నా వినకుండా లోపలికి తీసుకొనిపోవాలి. ఇంకొక్క మాట, ఇది అమ్మాయికి రెండుసార్లు చెప్పండి. అక్కడివారు కాంగ్రీ అని బుట్టలో నిప్పుల కుండ పెట్టుకుంటారు, గదులలో కట్టెల పొయ్యి ఉంటుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల నిప్పు ఉంచుకొని నిద్రపోకూడదు. వాసన తెలియని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తడి నైలాను బట్టలు పొయ్యికి దగ్గరగా ఆరవేసినా కరిగిపోతాయి.

తిరిగి వచ్చాక ఫ్లీసును, థర్మల్సును చల్లని నీటిలో ఉతికి నీడన ఆరవేయండి, ఇస్త్రీ పెట్టవద్దు. ఉన్ని స్వెటరును పిండి మెలితిప్పకుండా తువాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టాలి. తీగమీద వేలాడదీస్తే సాగుతుంది. బాగా ఆరిన తర్వాత ఎండిన వేపాకు వేసి పెట్టెలో పెట్టండి. వచ్చే ధనుర్మాసపు చలికి ఆ థర్మల్ జత ఒకటి ఇంట్లో నాయనమ్మకో తాతకో సరిపోతుంది.